మన ఉత్తరాలు మన ఇంట్లో

వానకి వీధిలో కేబులు తెగింది. సాయంత్రం దాకా నెట్ రాదన్నారు. టవరుకి కూడా కరెంటు పోయినట్టుంది, ఫోన్లో సిగ్నలు ఒక్క గీత దగ్గర ఊగుతోంది. రేపు పొద్దున్నే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాలి. లింకు డాక్యుమెంటు నంబరేమో ఏనాడో అన్నయ్య పంపిన మెయిల్లో ఉంది. ఫోను తీస్తే ఈ మధ్య వచ్చిన ఉత్తరాలు కనిపిస్తాయి. కిందికి జరిపితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఉత్తరం మీ పేరుకే వచ్చింది, మీరు చదివారు, జవాబు కూడా రాశారు. అయినా ఇప్పుడది మీ దగ్గర లేదు. ఇలాంటి అవస్థ మీలో చాలామందికి ఎదురయ్యే ఉంటుంది.

దీనికి మందుంది. పాతదే, కానీ మనవాళ్ళు పెద్దగా వాడుకోలేదు. ఇంట్లో ఒక మూల ఓ చిన్న మెయిల్ సర్వరు పెట్టుకోవడం, జీమెయిలో మరొకటో ఎక్కడున్న ఉత్తరాలనైనా దానిలోకి తెచ్చి పోయడం, ఆ తర్వాత నెట్ ఉన్నప్పుడల్లా రెండువైపులా సరిచూసుకుంటూ ఉండడం. చదవడం, వెతకడం, జవాబు రాయడం అన్నీ ఇంటి సర్వరులోనే. నెట్ ఉన్నా లేకపోయినా ఆ పని ఆగదు.

మా వీధి చివర ఉండే మాస్టారితో ఈ మాటంటే ఆయన వెంటనే అడిగారు: "ఫోన్లో కనిపిస్తూనే ఉన్నాయి కదటయ్యా, మళ్ళీ ఇంట్లో సర్వరెందుకు?"

"మాస్టారూ, మునిసిపాలిటీ కుళాయి వస్తూనే ఉంది కదా, మీ పెరట్లో సిమెంటు తొట్టి ఎందుకు కట్టించారండీ?" అన్నాను. ఆయన నవ్వి, "సరే, కూర్చుని చెప్పు" అన్నారు. ఆయనకి చెప్పినవే మీకూ చెబుతాను, ఇంకాస్త విడమరిచి.

ముందు ఇది పుట్టిన ఊరేదో చూద్దాం. ఈ రోజు మన మెయిల్ పెట్టెలు నడిచే పద్ధతి పేరు ఐమ్యాప్. మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో స్టాన్‌ఫర్డ్‌లో దాన్ని మొదలుపెట్టాడు, తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పెంచాడు. 1994 డిసెంబరులో ఆయన రాసిన చిన్న పత్రమొకటి ఉంది. ఉత్తరాలు చదవడానికి మూడు దారులున్నాయంటాడు అందులో. మొదటిది, సర్వరు నుంచి తెచ్చేసుకుని అక్కడ చెరిపేయడం. పాప్ పద్ధతి అలా పుట్టిందే. రెండోది, ఉత్తరాలు సర్వరులోనే ఉంచి, ప్రతిదానికీ అక్కడికే వెళ్ళి చూడడం. మూడోది, తెచ్చి దగ్గర పెట్టుకోవడం, లైను తెంపేసి పనిచేసుకోవడం, మళ్ళీ కలిసినప్పుడు ఇక్కడి మార్పులు అక్కడికీ అక్కడివి ఇక్కడికీ చేర్చడం. మనం మాట్లాడుకుంటున్నది ఈ మూడోదాని గురించి. వైఫై లేని రోజుల్లో, ఫోను లైను మీద నిమిషాలు లెక్కపెట్టుకునే కాలంలో ఆలోచించిన మనిషి కాబట్టి ఆయనకిది స్పష్టంగా కనిపించింది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. మోడెం కీచుమంటూ కలిసేది. గంటల లెక్కన డబ్బు, పైగా ఫోను బిల్లు. అప్పటివాళ్ళు ఉత్తరం ముందే రాసిపెట్టుకుని, లైను కలిపి, పంపాల్సినవి పంపి, వచ్చినవి దింపుకుని, లైను తెంపి, ఆ తర్వాత తీరిగ్గా చదువుకునేవారు. కర్ణాటకలో దొడ్డబళ్ళాపురం చుట్టుపక్కల పల్లెల్లో 2003 ప్రాంతంలో ఇంకో అడుగు ముందుకేసి బస్సుకే వైఫై పెట్టె బిగించారు. దాని పేరు డాక్‌నెట్. పల్లెలో బస్సు ఆగినప్పుడు అక్కడి కంప్యూటర్లలో ఉన్న సమాచారం బస్సులోకి ఎక్కేది, పట్నం చేరాక దిగేది. నెట్ ఎప్పుడూ ఉంటుందని అనుకోకుండా కట్టిన ఏర్పాటు అది. అలా కట్టినవి గట్టిగా నిలబడతాయని నా నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డాక రోజుల తరబడి నగరంలో కరెంటూ ఫోన్లూ లేవు. ఆ అనుభవం ఉన్న ఊళ్ళో ఇది వేరే చెప్పక్కర్లేదు.

సరే, పనిలోకి దిగుదాం. ముందు యంత్రం. కొత్తది కొనకండి. అటక మీద పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. బ్యాటరీ ఇంకా గంటో అరగంటో నిలబడుతుంటే మరీ మంచిది, కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్. అందులో డెబియన్ లినక్స్ వేయండి. ల్యాప్‌టాపు కాకపోతే రాస్ప్‌బెర్రీ పై అయినా సరే, కానీ మెమరీ కార్డు మీద కాకుండా విడి డిస్కు మీద ఉత్తరాలు పెట్టండి. రోజూ తిరిగే మనిషైతే వెంట తీసుకెళ్ళే ల్యాప్‌టాపులోనే ఇదంతా పెట్టుకోవచ్చు. సర్వరు అనగానే పెద్ద గది, ఏసీ గుర్తుకురానవసరం లేదు.

తర్వాత మూడు పనులకి ముగ్గురు పనివాళ్ళు. ఉత్తరాలు అక్కణ్ణించి తెచ్చేవాడొకడు, ఇక్కడ పెట్టె కాపలా కాసేవాడొకడు, మనకి చూపించేవాడొకడు. చూపించేది మీ ఇష్టం, థండర్‌బర్డ్ నాకు నచ్చుతుంది, ఆండ్రాయిడ్ ఫోనుకి కూడా 2024 అక్టోబరులో వచ్చేసింది. కాపలా కాసేది డవ్‌కాట్. ఫిన్లండ్‌కి చెందిన టిమో సిరైనెన్ రాసినది, 2002లో మొదట విడుదలైంది. పెద్ద పెద్ద కంపెనీల మెయిలు కూడా దాని మీదే నడుస్తోంది. ఒక ఇంటి పెట్టె దానికి లెక్కలోకే రాదు. తెచ్చేవాళ్ళలో ఇద్దరి పేర్లు వినిపిస్తాయి. ఒకటి ఆఫ్‌లైన్‌ఐమ్యాప్, జాన్ గోర్జెన్ 2002లో పైథాన్‌లో రాశాడు. చాలామంది దీనితోనే మొదలుపెట్టారు. కానీ అది పైథాన్ రెండో తరానిది, ఆ తరానికి 2020 జనవరి 1తో కాలం చెల్లింది. మూడో తరానికి మార్చిన రూపం వేరే ఉంది. రెండోది ఎమ్‌బిసింక్. డెబియన్‌లో ఐసింక్ అనే ప్యాకేజీలో దొరుకుతుంది. మట్ అనే మెయిల్ ప్రోగ్రాము రాసిన మైకేల్ ఎల్కిన్స్ దీన్నీ మొదలుపెట్టాడు, తర్వాత ఓస్వాల్డ్ బుడెన్‌హాగెన్ చేతికి వచ్చింది. వేగంగా ఉంటుంది, మాట తప్పదు. నేను దీనివైపే.

ఇక ఉత్తరాలు డిస్కు మీద ఎలా కూర్చుంటాయో దగ్గర్నించి చూద్దాం. నాకు ఈ ఏర్పాటంతటిలో అందంగా కనిపించేది ఇదే. పద్ధతి పేరు మెయిల్‌డిర్. డేనియల్ బెర్న్‌స్టైన్ 1990ల నడుమ తన క్యూమెయిల్ అనే సర్వరు కోసం ఆలోచించాడు. అంతకు ముందు ఒక ఫోల్డరులోని ఉత్తరాలన్నీ ఒకే పెద్ద ఫైల్లో ఒకదాని కింద ఒకటి ఉండేవి. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు మధ్యలో తెగేది, వెనకున్న ఉత్తరాలకీ ముప్పే. మెయిల్‌డిర్‌లో ఒక్కో ఉత్తరానికి ఒక్కో ఫైలు. ఒక్కో పెట్టెలో మూడు అరలు: టెంప్, న్యూ, కర్. కొత్త ఉత్తరం ముందు టెంప్‌లో రాయబడుతుంది. చివరి అక్షరం దాకా డిస్కు మీదికి చేరాకే న్యూ అరలోకి జరుగుతుంది. మధ్యలో కరెంటు పోయిందా, టెంప్‌లో సగం రాసిన ముక్క మిగులుతుంది, అంతే. న్యూలో ఉన్నది ఎప్పుడూ పూర్తి ఉత్తరమే. దాన్ని మెయిల్ ప్రోగ్రాము ఒకసారి చూశాక కర్‌లోకి వెళ్తుంది.

ఫైలు పేరు కూడా చూడండి. ముందు సెకన్లలో వేళ, తర్వాత మళ్ళీ అలాంటిది ఇంకోటి రాకుండా కొన్ని అంకెలూ అక్షరాలూ, ఆ తర్వాత యంత్రం పేరు. చివర రెండు చుక్కలు, అంకె 2, కామా, ఆ పైన ఇంగ్లీషు అక్షరాలు. ఎస్ ఉంటే చదివారు, ఆర్ ఉంటే జవాబిచ్చారు, ఎఫ్ ఉంటే నక్షత్రం గుర్తు పెట్టారు, టి ఉంటే చెరపమన్నారు. చదివారా లేదా అన్నది ఎక్కడో డేటాబేసులో దాగి ఉండదు, ఫైలు పేరులోనే ఉంటుంది. డవ్‌కాట్ రేపు లేకపోయినా, థండర్‌బర్డ్ మూతపడినా, ఈ ఫైళ్ళు ఎవరైనా తెరవచ్చు. పదేళ్ళ ఉత్తరాలు పెన్‌డ్రైవులోకి మామూలు కాపీతో వచ్చేస్తాయి. మన ఉత్తరాలు ఇంకొకరి ప్రోగ్రాముకి బందీ కాకుండా ఉండాలంటే ఇంతకంటే సాదా పద్ధతి నాకు కనిపించలేదు.

డవ్‌కాట్‌కి మెయిల్‌డిర్ ఎక్కడుందో చెప్పాలి. దీని కోసం పుస్తకాల్లో కనిపించే మెయిల్ లొకేషన్ అనే లైను పాతకాలపుది. 2025 జనవరిలో డవ్‌కాట్ 2.4 వచ్చింది, అందులో మెయిల్ డ్రైవర్, మెయిల్ పాత్ అని రెండు లైన్లుగా విడగొట్టారు. డెబియన్ 13లో ఉన్నది ఈ కొత్తదే. పాత లైను కాపీ చేసి పెడితే సర్వరు లేవనే లేవదు. ఇక్కడ చాలామంది విసిగి వదిలేస్తారు, అందుకే చెబుతున్నాను.

ఎమ్‌బిసింక్ నేరుగా మెయిల్‌డిర్‌లోకి ఫైళ్ళు రాయగలదు. కానీ అలా చేయించకండి. అది ఫైలు పేర్లలో తన సొంత నంబరు చేరుస్తుంది. ఇంకో ప్రోగ్రాము ఆ ఫైలుని ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకి జరిపితే ఆ నంబరు కూడా వెంట వెళ్ళి, అక్కడున్న మరో ఉత్తరం నంబరుతో ఢీకొంటుంది. దానికి బదులు సొరంగం పద్ధతి ఉంది. సెట్టింగులో టనెల్ అని రాసి, డవ్‌కాట్ వారి ఐమ్యాప్ ప్రోగ్రాము దారి ఇస్తే, ఎమ్‌బిసింక్ దాన్నే లోపలినుంచి నడిపించి దానితో మాట్లాడుతుంది. పాస్‌వర్డు అక్కర్లేదు, నెట్‌వర్కు అక్కర్లేదు. పెట్టెలోకి చెయ్యి పెట్టేది డవ్‌కాట్ ఒక్కటే అవుతుంది, దాని లెక్కలు దానికి సరిగ్గా ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. మాస్టారు ఇక్కడే కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

ఒక ఉత్తరం జీమెయిల్లో ఉంది, ఇంట్లో లేదు అనుకోండి. దానర్థం ఏమిటి? కొత్తగా వచ్చి ఇంకా ఇంటికి చేరలేదని కావచ్చు. లేదా ఇంటికి ఎప్పుడో చేరింది, మీరే చదివి చెరిపేశారని కావచ్చు. మొదటిదైతే తెచ్చుకోవాలి, రెండోదైతే అక్కడా చెరపాలి. రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. మూడో వస్తువు కావాలి: కిందటిసారి కలిసినప్పుడు ఏమేం ఉన్నాయో రాసిపెట్టుకున్న చిట్టా. ఎమ్‌బిసింక్ ప్రతి ఫోల్డరుకీ అలాంటి చిట్టా ఒకటి ఉంచుతుంది. తెరిచి చూస్తే మామూలు టెక్స్టు. ఒక్కో లైనులో రెండు నంబర్లు, పక్కన గుర్తుల అక్షరాలు. 4127, 3980, ఎస్ అని ఉందనుకోండి, అక్కడ 4127 నంబరున్న ఉత్తరమే ఇక్కడ 3980, చదివేశారు అని. ఇప్పుడు అక్కడ 4127 ఉండి, ఇక్కడ 3980 కనిపించకపోతే, చిట్టాలో జంట ఉంది కాబట్టి ఇక్కడ చెరిపేశారని తెలుస్తుంది. చిట్టాలో లేని నంబరు అక్కడ కనిపిస్తే అది కొత్త ఉత్తరం. ఈ పద్ధతంతా ఆ రెండు నంబర్ల మీద నిలబడి ఉంది.

ఐమ్యాప్‌లో ఆ నంబరు పేరు యూఐడీ. ఒక ఫోల్డరులో ఒకసారి ఇచ్చిన నంబరు ఇంకో ఉత్తరానికి ఇవ్వరు. సర్వరు ఏ కారణం చేతనైనా నంబర్లన్నీ మళ్ళీ వేయాల్సివస్తే, యూఐడీ వ్యాలిడిటీ అనే ఇంకో అంకె మార్చి ఆ సంగతి చెబుతుంది. అప్పుడు పాత చిట్టా చెల్లదు. ఎమ్‌బిసింక్ అది గమనించి, గుడ్డిగా ముందుకి వెళ్ళకుండా ఆగి ఫిర్యాదు చేస్తుంది. ఆ ఫిర్యాదు చూసి కంగారుపడక్కర్లేదు, అది మీ ఉత్తరాల్ని కాపాడుతున్న గొంతు.

చిట్టా పోతే ఏమవుతుంది? రెండువైపులా ఉన్నవన్నీ కొత్తవే అనుకుని, ఇక్కడివి అక్కడికీ అక్కడివి ఇక్కడికీ మోస్తుంది. ప్రతి ఉత్తరం రెండు రెండు కాపీలవుతుంది. ఇంకా గడ్డు పరిస్థితి ఇంకోటుంది. ఉత్తరాలు పాత బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టి, చిట్టా మాత్రం కొత్తది ఉంచితే, బ్యాకప్ తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ మీరు చెరిపేసినట్టు లెక్క. చెరపడం రెండువైపులా అని పెట్టి ఉంటే అవి అక్కడా పోతాయి. కాబట్టి ఉత్తరాలకీ చిట్టాకీ బ్యాకప్ ఒకేసారి తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు కూడా జంటగానే పెట్టాలి. మాస్టారికి ఇది రెండుసార్లు చెప్పాను. మీకూ ఇంకోసారి చెప్పాలనే ఉంది.

ఇందులోంచే ఇంకో మాట. రెండువైపులా సరిచూసుకునే ఏర్పాటుని బ్యాకప్ అనుకునేవాళ్ళు చాలామంది. మనవడు ఫోన్లో ఆడుకుంటూ ఫోల్డరు మొత్తం చెరిపేస్తే, కాసేపట్లో ఇంట్లోనూ ఆ ఉత్తరాలు ఉండవు. పద్ధతి తన పని సరిగ్గా చేసినట్టే. అందుకని నేను రెండు దారులు వేయమంటాను. ఒక దారి రోజువారీది: రెండువైపులా అన్నీ సరిచూసుకుంటుంది, చదివిన గుర్తులూ చెరపడాలూ అటూ ఇటూ వెళ్తాయి. రెండోది దాపరికం దారి. వేరే పెట్టెలోకి, వేరే చిట్టాతో, సింక్ అన్న చోట పుల్‌న్యూ అని మాత్రమే రాసి. అంటే కొత్త ఉత్తరాలు అక్కణ్ణించి ఇక్కడికి రావడం తప్ప ఇంకేమీ చేయదు. అక్కడ ఎవరు చెరిపినా ఇక్కడికి ఆ వార్త రాదు. చెరపడానికి సంబంధించిన ఎక్స్‌పంజ్ అనే సెట్టింగు మీరు ముట్టుకోకపోతే నన్ అనే ఉంటుంది, దాపరికం పెట్టెకి దాన్ని అలాగే వదిలేయండి.

ఎందుకింత పట్టుదల అంటారా? జీమెయిలు, డ్రైవు, ఫోటోలు కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. నిండితే మెయిలు రావడం ఆగిపోతుంది. రెండేళ్ళు తెరవని ఖాతాల్ని తీసేయవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి అమలు. పెద్దవాళ్ళు కాలం చేశాక వాళ్ళ మెయిల్ పెట్టె తెరిచేదెవరు? పిల్లలకి రాసిన ఉత్తరాలన్నీ అందులోనే ఉంటాయి. యాహూ గ్రూప్స్ సంగతి గుర్తుందా? పాత సమాచారం 2019 డిసెంబరులో తీసేసి, మరుసటేడు డిసెంబరు 15న మొత్తం మూసేశారు. రచ్చబండ లాంటి తెలుగు గుంపులు ఏళ్ళ తరబడి సాహిత్యం మీద చర్చలు నడిపింది అక్కడే. ఎవరి మెయిల్ పెట్టెలో వాళ్ళు ఆ ఉత్తరాలు దాచుకున్న చోట ఇవాళ్టికీ ఉంటాయి.

జీమెయిలుతో కలిపేటప్పుడు రెండు మూడు ముళ్ళున్నాయి, త్వరగా చెప్పేస్తాను. మామూలు పాస్‌వర్డు పనిచేయదు. రెండంచెల తనిఖీ ఆన్ చేసి, పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. దాన్ని సెట్టింగుల ఫైల్లో అలాగే రాయకుండా, పాస్‌సిఎమ్‌డి అనే లైను ద్వారా తాళం వేసిన ఫైలు నుంచి చదివించండి. జీమెయిల్లో ఫోల్డర్లు లేవు, లేబుళ్ళే ఉన్నాయి. ఐమ్యాప్ వాటిని ఫోల్డర్లుగా చూపిస్తుంది కాబట్టి ఒకే ఉత్తరం ఇన్‌బాక్సులో ఒకసారి, ఆల్ మెయిల్‌లో ఇంకోసారి, ఏ లేబులు పెడితే అందులో మరోసారి దిగుతుంది. అందుకని రోజువారీ దారిలో ఆల్ మెయిల్‌ని వదిలేయండి, దాపరికం దారిలో ఆల్ మెయిల్ ఒక్కటే తీసుకోండి. చెత్తబుట్ట పేరు ఖాతా భాషని బట్టి మారుతుంది, అమెరికా ఇంగ్లీషైతే ట్రాష్, బ్రిటిష్ ఇంగ్లీషైతే బిన్. తెలుగు పెట్టుకున్నవాళ్ళకి ఫోల్డర్ల పేర్లు కూడా తెలుగులో ఉంటాయి, కానీ ఐమ్యాప్ పాత నియమం ప్రకారం & గుర్తుతో మొదలై డి అక్షరంతో నడిచే గజిబిజిగా కనిపిస్తాయి. భయపడకండి, అది తెలుగే.

తెలుగు అన్నాను కాబట్టి, మనకి మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఫైళ్ళు సాదా టెక్స్టు అన్నాను కదా. కానీ మెయిలు మొదట్లో ఇంగ్లీషు అక్షరాల కోసమే పుట్టింది. ఇతర భాషల్ని బేస్64 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి మోస్తుంది. యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. బేస్64లో మూడు బైట్లకి నాలుగక్షరాలు. లెక్క చక్కగా కుదురుతుంది: ఉత్తరంలోని మొదటి మాటలో ప్రతి తెలుగు గుర్తూ 4, ఎల్, ఆ తర్వాత సి లేదా జి, చివర ఇంకో అక్షరంగా మారుతుంది. 'అమ్మ' అని రాస్తే అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు, ఫైల్లో పదహారు అక్షరాలు. 'అ' చోట 4, ఎల్, సి, ఎఫ్ అని ఉంటుంది. ఒక ఖాళీ పడగానే వరస ఒక బైటు జరిగి, అదే 'అమ్మ' వేరే అక్షరాలుగా మారిపోతుంది. అందుకని లినక్స్‌లో గ్రెప్ అనే వెతుకులాట ఆజ్ఞ పెట్టి మెయిల్‌డిర్‌లో 'అమ్మ' కోసం వెతికితే, పెట్టెనిండా అమ్మ ఉత్తరాలే ఉన్నా ఒక్కటీ దొరకకపోవచ్చు.

దీనికి తగిన పనిముట్టు కావాలి. డవ్‌కాట్‌లో వెతుకులాట ఉత్తరాన్ని ముందు విప్పి తర్వాత చూస్తుంది, దానికి సూచిక కట్టించుకునే ఫ్లాట్‌కర్వ్ అనే భాగం 2.4లో కలిసే వస్తోంది. కార్ల్ వర్త్ 2009లో మొదలుపెట్టిన నాట్‌మచ్ కూడా ఇలాంటిదే. రెండూ లోపల జాపియన్ అనే ఇంజను మీదే నడుస్తాయి. ఒకసారి సూచిక కట్టాక, నెట్ లేకుండా, పదేళ్ళ ఉత్తరాల్లో తెలుగు మాట క్షణంలో దొరుకుతుంది. అయితే మాటల చివర్లు మారే భాష మనది. 'పొలం' అని వెతికితే 'పొలానికి' రాదు. 'పొలా' అని రాసి చివర నక్షత్రం గుర్తు పెట్టి నాట్‌మచ్‌లో వెతకండి, ఆ మొదలున్నవన్నీ వస్తాయి.

1990ల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టిఎస్ పద్ధతిలో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు. తెలుసా అనే గుంపులో ఉత్తరాలు అలానే నడిచాయి. ఆనాటి ఫైళ్ళు ఎవరిదగ్గరైనా ఉంటే మెయిల్‌డిర్‌లో పెట్టి చూడండి. సాదా గ్రెప్‌కే ఠక్కున దొరుకుతాయి. అప్పటి ఉత్తరాలు అంత తేలిగ్గా, ఇప్పటి అచ్చ తెలుగు ఉత్తరాలు ఇంత కష్టంగా దొరకడం నాకు బాధనిపిస్తుంది. తెలుగు రాయడం మానమని కాదు, వెతికే పనిముట్టు తెలుగుని విప్పి చూసేదై ఉండాలని.

రావడం అయింది, పంపడం ఉంది. నెట్ లేనప్పుడు రాసిన జవాబు ఎక్కడో కూర్చుని ఎదురుచూడాలి. పోస్ట్‌ఫిక్స్ ఆ పని చేస్తుంది. వియెట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాశాడు, 1998లో బయటికి వచ్చింది. థండర్‌బర్డ్ దానికి ఉత్తరం ఇచ్చేసి తన పని అయిందనుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్ వరసలో పెట్టుకుని, నెట్ వచ్చాక పంపుతుంది. మామూలుగా ఐదు రోజులు ప్రయత్నించి, కుదరకపోతే తిప్పి ఇచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: నేరుగా అవతలి సర్వరుకి పంపించాలని చూడకండి. ఇళ్ళ నెట్ కనెక్షన్లలో 25వ పోర్టు చాలా చోట్ల మూసే ఉంటుంది, తెరిచి ఉన్నా ఇంటి అడ్రసు నుంచి వచ్చిన మెయిలుని పెద్ద సర్వర్లు నమ్మవు. మీ మెయిలు కంపెనీ సర్వరు ద్వారానే, 587 పోర్టులో, పాస్‌వర్డుతో పంపమని రిలేహోస్ట్ లైనులో చెప్పండి.

ఇంటి సర్వరు ఇంటివాళ్ళకే. రౌటరులో దానికి బయటి దారి తెరవద్దు. బయటినుంచి చూడాలనిపిస్తే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి. ఇంట్లో కూడా 993 పోర్టులో, తాళం వేసిన దారిలోనే ఫోన్లు కలవాలి. డిస్కుకి తాళం వేయడం మరిచిపోవద్దు, దొంగ ల్యాప్‌టాప్ ఎత్తుకుపోతే ఉత్తరాలు చదవకూడదు కదా.

"మొదటిసారి ఎంతసేపు పడుతుంది?" అని మాస్టారు చివరికి అడిగారు. పెట్టె సైజుని బట్టి. జీమెయిలు ఐమ్యాప్ ద్వారా రోజుకి 2500 ఎంబీ వరకే దింపనిస్తుంది, దాటితే కాసేపు ఖాతా మూసి ఉంచుతుంది. అటాచ్‌మెంట్లు కూడా బేస్64లోనే వస్తాయి కాబట్టి 10 ఎంబీ స్కాను 13 ఎంబీ పైన అవుతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి. పది జీబీ పెట్టె ఉన్నవాళ్ళు నాలుగైదు రోజులు అనుకోవాలి. మధ్యలో ఆగినా నష్టం లేదు, మళ్ళీ నడిపితే ఆగిన చోటినుంచి అందుకుంటుంది. ముందు దాపరికం దారినే నడపండి, అది మీ పెట్టెలో దేన్నీ ముట్టుకోదు. అది పూర్తయ్యాక రోజువారీ దారిలో పేటర్న్స్ అన్న చోట నక్షత్రం గుర్తుకి బదులు ఇన్‌బాక్స్ ఒక్కటే రాసి మొదలుపెట్టండి. చదివిన గుర్తులు అటూ ఇటూ సరిగ్గా వెళ్తున్నాయని ఫోన్లో చూసుకున్నాక మిగతా ఫోల్డర్లు ఒక్కొక్కటే కలపండి. ఆ తర్వాత ఐదు నిమిషాలకోసారి దానంతటది నడిచేలా సిస్టమ్‌డి టైమరు పెట్టేస్తే సరి.